కాలేయంలో తుందుక్

జనరేటర్ దగ్గి దగ్గి అంటుకుంది.
సారీ-మొగోల్ బడిలో మూడో తరగతి గది,
నల్లబల్ల మీద ఇంకా చెరపని ఏడో ఎక్కం.
రెండు బెంచీలు కలిపి దుప్పటి పరిస్తే అదే మా పరీక్ష మంచం.
జెల్లీ సీసాని పొయ్యి పక్కన పెట్టాను,
పిడకల సెగకి కాస్త చలి వదలాలి.
మూడువేల మీటర్ల ఎత్తున
ఏ కడుపైనా చల్లటి చెయ్యి తగిలితే బిగుసుకుంటుంది.

పొద్దున్నుంచి నలభై ఒక్క కడుపులు.
పిల్లలకి చక్కిలిగింత. నవ్వితే తెరంతా వణుకు.
జిబెక్ అనే పిల్ల "నాలో వాన పడుతోంది" అంది.
నిజమే, బూడిదరంగు వాన.
ఆ వానలో దారి వెతుక్కోవడమే నా ఉద్యోగం.
ఇది పిత్తాశయం, ఏమీ తినకుండా వచ్చారు గనక
బేరిపండులా నిండుగా ఉంది.
ఇది పెద్ద సిర, ఊపిరితో పాటు సన్నబడుతూ, లావెక్కుతూ.
పేగుల దగ్గరికొస్తే మాత్రం గాలి.
గాలి ఉన్నచోట శబ్దం దూరదు,
ముఖాన తలుపేసినట్టు తిరిగొస్తుంది.
కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని
వాటికి ముందే తెలుసేమో.

నలభై రెండో మనిషి మామాసాలి.
తెల్ల ఉన్ని టోపీ తియ్యకుండానే పడుకున్నాడు.
"నాకేం లేదు. మనవడు భయపడతాడని ముందు నేను."
మెడ దాకా ఎండకి మాడిన మనిషి,
పొట్ట మాత్రం పాలమీగడ.

"ఊపిరి పీల్చి బిగబట్టండి."
పక్కటెముకల నీడలోంచి కాలేయం కిందికి జారింది.
అక్కడ,
నా పిడికిలికన్నా పెద్దదిగా, నల్లగా, గుండ్రంగా,
తల్లి తిత్తిలో పిల్ల తిత్తులు,
వాటి మధ్య గోడలు బండిచక్రం ఆకుల్లా.
మా పుస్తకాల్లో దీనికో పేరుంది, దశ ఉంది, అంకె ఉంది.
ఊపిరి వదలమని చెప్పడం మర్చిపోయాను.
ఆయనే బుస్సున వదిలి, తల తిప్పి తెర చూసి
"తుందుక్" అన్నాడు.
గుడారం నడినెత్తిన ఉండే కర్రచక్రం,
పొగ పోయే దారి, వెలుగు వచ్చే దారి.
"నాలో ఎవరో గుడారం వేసుకున్నారు,
అడక్కుండా."

చెప్పాను.
కోసిన గొర్రె లోపలివి కుక్కకి విసిరితే
కుక్క పేగుల్లో బియ్యపు గింజంత పురుగు.
దాని గుడ్లు బొచ్చు మీద,
బొచ్చు నిమిరిన చేతి మీద,
ఆ చేత్తో తుంచిన రొట్టె మీద.
పదేళ్ళయి ఉంటుంది, పదిహేనైనా ఉంటుంది.

కిటికీ అవతల మెట్ల మీద ఆక్-తోష్,
తెల్లరొమ్ము కుక్క, తోకతో మంచుబురద చిమ్ముతూ.
"దీన్నీ, దీని తల్లినీ
కడుపులో పెట్టుకు చూసుకున్నాను" అన్నాడు.
అనేశాక తన మాట తనకే వినబడి
పొట్ట పట్టుకు నవ్వాడు.
చక్రం తెర దాటి పోయింది.

ఓష్‌లో ఆపరేషన్, నెలలోపు.
మంద కొండ దిగాక చూద్దామన్నాడు.
డొక్కలో దెబ్బ తగలకూడదు, గుర్రం ఎక్కకండి అంటే
ఈసారి నవ్వలేదు.

మనవడు ఎల్దియార్, తొమ్మిదేళ్ళు.
రెండుసార్లు వెతికాను, ఎడమ పక్కకి తిప్పి మళ్ళీ వెతికాను.
"నాలో గుడారం ఉందా?"
"లేదు. అంతా ఖాళీ మైదానం."
వాడి మొహం చిన్నబోయింది.

సాయంత్రం సామాను సర్దుతుంటే
మెట్ల దగ్గర పెనుగులాట.
గొర్రెతోక కొవ్వులో మాత్ర చుట్టి పెడితే
ఆక్-తోష్ కొవ్వు మింగి మాత్ర ఉమ్మింది. రెండుసార్లు.
మూడోసారి ముసలాయన దాని దవడలు మూసి పట్టుకుని
గొంతు కింద వేలితో రాస్తూ
"మింగు తల్లీ, మింగు" అంటున్నాడు.
"చేతులు కడుక్కోండి!" కిటికీలోంచి అరిచాను.

తొట్టి దగ్గర నిలబడ్డాడు.
మోచేతుల దాకా, గోళ్ళ సందుల దాకా,
నీళ్ళు అయిపోయినా
ఇంకా రుద్దుకుంటూనే.